దుబాయ్‌లో దిగి షార్జాలో ఎక్కడం

ముప్పై ఒక్క ఏళ్ళు నేను భిలాయిలో విమానం టికెట్లు బుక్ చేశాను. సెక్టర్ 6 మార్కెట్లో మెట్లెక్కితే వచ్చే చిన్న ఆఫీసు మాది. మొదట్లో రైలు టికెట్లే ఎక్కువగా ఉండేవి, తర్వాత విమానాలు వచ్చాయి, ఆ తర్వాత వీసాలూ మొదలెట్టాం. రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "ఆంటీ, మీ సర్వీసులో ఎప్పుడైనా తప్పు చేశారా?" అని అడుగుతుంటారు. చెయ్యకేం, చాలా చేశాను. పేరులో ఒక అక్షరం ఎగిరిపోవడం, పగలు పన్నెండుకీ రాత్రి పన్నెండుకీ తేడా చూడకపోవడం, ఇలాంటివి అందరూ చేసేవే. వాటికి ఫోన్లు చేసి, బతిమాలి, సరిచేసుకునేదాన్ని. కానీ ఒక మనిషిని పరాయి దేశం గుమ్మంలో నిలబెట్టేసేంత తప్పు ఒక్కటి చేశాను. అది తెలియక చేసింది కూడా కాదు. అన్నీ తెలుసుననే ధీమాతో చేసింది. అందుకే మీకు చెప్పాలనిపించింది.

ఆ మనిషి మా ఊళ్ళోనే ఖుర్సీపార్ పేటలో ఉండేది. ఆసుపత్రిలో ఆయా. వయసు నలభై నాలుగు. వాళ్ళ అత్తవారిదీ మా నాన్నదీ శ్రీకాకుళం పక్కనే కావడం వల్ల నన్ను మొదటి రోజు నుంచీ "అక్కా" అనేది. ఇరవై ఏళ్ళుగా వార్డులో పేషెంట్లని మంచం మీంచి స్ట్రెచర్ మీదకి, స్ట్రెచర్ మీంచి మంచం మీదకి ఎత్తడమే పని. ఒకసారి లిఫ్ట్ చెడిపోతే ఒక భారీ మనిషిని కుర్చీతో సహా మోసుకుని మేడ దించిందట. అది చూసిన ఫిజియోథెరపీ డాక్టరు, తను వెళ్ళే జిమ్‌కి ఆమెని తీసుకెళ్ళాడు. అక్కడ నేల మీద ఉన్న ఇనుప బార్‌ని ఎత్తమన్నారు. ఎత్తింది. ఇంకొంచెం బరువేశారు. అదీ ఎత్తింది. అలా మొదలై, నాలుగేళ్ళలో జిల్లా, రాష్ట్రం, దేశం అన్నీ దాటి, నలభై దాటిన ఆడవాళ్ళ పవర్‌లిఫ్టింగ్ పోటీలకి విదేశం వెళ్ళే దాకా వచ్చింది.

పోటీలు జార్జియాలో. ఖుర్సీపార్‌లో సగం మంది అది అమెరికాలో ఉందనుకున్నారు. "కాదు, రష్యా కింద చిన్న దేశం" అని ఆమె చెప్పీ చెప్పీ అలిసిపోయి, చివరికి "అమెరికాయే అనుకోండి, నాకేటి" అనేసిందట. జట్టులో మిగతావాళ్ళు రెండు రోజుల ముందే ఢిల్లీ నుంచి కలిసి బయల్దేరారు. ఈమెకి మాత్రం ఆసుపత్రిలో శనివారం నుంచే సెలవు దొరికింది. శనివారం సాయంత్రం రాయ్‌పూర్ నుంచి ముంబయి, ఆదివారానికి జార్జియా, సోమవారం ఉదయం అక్కడ పోటీదారుల బరువు తూచడం, ఆ తర్వాత పోటీ. తూకానికి అందకపోతే ఇంక ఆ ఏడాదికి అంతే. ఒంటరిగా వెళ్ళాలి. విమానం ఎక్కడం మూడోసారి, దేశం దాటడం మొదటిసారి.

టికెట్ నేనే కట్టాను. 'కట్టడం' అని మా ఆఫీసు మాట, ముక్కలు ముక్కలుగా ఉన్న ప్రయాణాన్ని అతికించడం అన్నమాట. ముంబయి నుంచి దుబాయ్‌కి ఒక కంపెనీ విమానం, అక్కడి నుంచి జార్జియాకి ఇంకో కంపెనీ విమానం. మధ్యలో తొమ్మిది గంటలు ఖాళీ. "హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంటుంది" అనుకున్నాను. ఎక్కే విమానం దుబాయ్ నుంచి కాదు, పక్కనున్న షార్జా నుంచి. ఆ సంగతి నాకు తెలుసు. రెండూ పక్కపక్క ఊళ్ళు, టాక్సీలో అరగంట. మనకి దుర్గ్‌లో దిగి భిలాయిలో రైలెక్కడం లాంటిదే కదా అనుకున్నాను.

మా ఆఫీసులో వీసాల డెస్కు చూసే అమ్మాయి ఒకతె ఉండేది. రాజ్‌నంద్‌గావ్ వైపు మనిషి, తెలుగు రాదు, మేం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. చేరి రెండేళ్ళే అయినా ప్రతి దేశం నియమాలూ చదివి ఒక నోట్‌బుక్కులో రాసుకునేది. టికెట్ ప్రింట్ తీస్తుంటే నా భుజం మీంచి చూసి, "మేడమ్, ట్రాన్సిట్ వీసా దేఖ్ లియా?" అంది, చూసుకున్నారా అని.

ట్రాన్సిట్ వీసా అంటే దారి మధ్యలో ఇంకో దేశంలో ఆగినప్పుడు కావలసిన అనుమతి. విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారితే చాలా చోట్ల అక్కర్లేదు. బయట కాలు పెడితే కావాలి. కొన్ని దేశాలు లోపల కూర్చున్నా అడుగుతాయి. ఇదంతా నాకు తెలుసు. నేనే ఆ అమ్మాయికి మొదట్లో నేర్పాను.

"దుబాయ్ మీదుగా ఎంతమందిని పంపించానో నీకు తెలుసా? ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది కాలేదు," అన్నాను. గొంతులో కొంచెం కారం కూడా కలిసింది. ఆ అమ్మాయి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. నిజమే, ఎవరికీ కాలేదు. ఎందుకంటే వాళ్ళంతా దుబాయ్‌లో దిగి దుబాయ్‌లోనే ఎక్కారు. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని వేల మందిని దేశాలు దాటించిన నేను ఒక్కసారి కూడా దేశం దాటలేదు. నా పాస్‌పోర్టు ఖాళీ. విమానాశ్రయం అంటే నాకు స్క్రీన్ మీద మూడు అక్షరాల కోడ్. ఒక మూడు అక్షరాలకీ ఇంకో మూడు అక్షరాలకీ మధ్య ఇమిగ్రేషన్ బల్ల ఒకటి ఉంటుందని, దాని వెనక ఒక మనిషి కూర్చుని "నీ వీసా ఏది?" అంటాడని కళ్ళకి కట్టేది కాదు.

శనివారం పొద్దున్న పదిన్నరకి ఆమె ఆఫీసుకొచ్చింది. కొత్త ట్రాక్ సూటు, వెనక దేశం పేరు. చేతిలో కారప్పూస డబ్బా, మా అందరికీ. రాయ్‌పూర్ విమానం సాయంత్రం అయిదింటికి. ఒంటిగంటకల్లా భిలాయి వదలాలని ముందే చెప్పి ఉంచాను.

"అక్కా, మా ఆయన టికెట్టు సదివినాడు. దిగినకాడ ఒక పేరు, ఎక్కినకాడ ఇంకో పేరు ఉందంట. ఒకదానికాడి నుంచి ఇంకోదానికి బస్సుంటాదా?" అని అడిగింది.

"బస్సెందుకు, టాక్సీ ఉంటుంది. దిగగానే సామాను తీసుకుని బయటికొచ్చి..." అంటూ నవ్వుతూ మొదలుపెట్టాను.

బయటికొచ్చి, అన్న మాట దగ్గరే నా నోరు ఆగిపోయింది.

బయటికి ఎలా వస్తుంది? వీసా ఏది?

ఆమె నా మొహం చూసి, "ఏటైందక్కా?" అంది. నేను వీసాల డెస్కు వైపు తిరిగాను. ఆ అమ్మాయి అప్పటికే మా ఇద్దరినీ చూస్తోంది. తెలుగు రాకపోయినా అర్థమైపోయింది. 'నేను ముందే చెప్పాను' అనడానికి అంతకన్నా మంచి సమయం ఎవరికీ దొరకదు. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు. కుర్చీ జరుపుకుని నా పక్కకి వచ్చి కూర్చుని, "నలభై ఎనిమిది గంటల ట్రాన్సిట్ వీసా ఉంటుంది మేడమ్, ఆన్‌లైన్లో ప్రయత్నిద్దాం. శనివారం, రాత్రికల్లా వస్తుందో రాదో తెలీదు. పాస్‌పోర్టు ఇవ్వండి," అంది.

పాస్‌పోర్టు తెరిచి ఫారం నింపడం మొదలెట్టింది. మొదటి గడి దగ్గరే ఆగింది. ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఆ చోటు ఖాళీగా ఉంది. పేరు ఒక్కటే, ఒక్క మాట.

"ఇంటిపేరు రాయించుకోలేదా?" అన్నాను.

"కన్నోరి ఇంటిపేరు ఒకటి, అత్తోరిది ఒకటి. ఏది రాయాలో తెలక ఏదీ రాయనేదక్కా. జార్జియావోలు వీసా ఇచ్చేసినారు కదా, ఏటీ అడగనేదు."

జార్జియావాళ్ళు అడగలేదు. కానీ పాస్‌పోర్టులో పేరు ఒక్క మాటే ఉంటే ఈ వీసా దగ్గర తిరగ్గొడుతున్నారని మా వీసాల అమ్మాయి నోట్‌బుక్కు తెరిచి చూపించింది. తండ్రి పేరు చూపించి నెగ్గినవాళ్ళు ఉన్నారు, నెగ్గనివాళ్ళూ ఉన్నారు. రోజులు చేతిలో ఉంటే పోరాడొచ్చు. మా చేతిలో రెండున్నర గంటలే ఉన్నాయి.

అంతలో మా ఓనరు పైకి వచ్చాడు. ఈ ఆఫీసుని మొదట పెట్టినవాళ్ళ దగ్గర పాతికేళ్ళ కింద కొనుక్కున్న మనిషి, సాధువు, గొడవంటే భయం. విషయం విని గడ్డం గోక్కుని, హిందీలో నెమ్మదిగా నా చెవి దగ్గర అన్నాడు: "ముంబయి కౌంటర్లో అంతగా చూడరేమో. వెళ్ళిపోతుందేమో. ఏమీ చెప్పకుండా పంపించేద్దామా?"

అబద్ధం చెప్పను, ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. ముంబయిలో పట్టుకుంటే పట్టుకుంటారు, అది ముంబయి వాళ్ళ మాట అవుతుంది, నా మాట కాదు. వీసాల అమ్మాయి తల ఎత్తకుండానే అంది: "ముంబయిలో పట్టుకుంటే నయం సార్. పట్టుకోకపోతే అక్కడ దిగాక బయటికి వదలరు. ఇంగ్లీషు రాదు. ఒంటరిగా ఒక కుర్చీలో కూర్చోబెట్టి వెనక్కి పంపిస్తారు."

నా కళ్ళ ముందు ఆ కుర్చీ కనిపించింది. కొత్త ట్రాక్ సూటుతో ఆమె అందులో కూర్చుని ఉంది.

ఆమె దగ్గరికి వెళ్ళి బెంచీ మీద పక్కన కూర్చున్నాను. "చెల్లీ, తప్పు నాది. నీ టికెట్ నేను తప్పుగా కట్టాను. దిగినచోట బయటికి రావాలంటే ఆ దేశం వీసా ఉండాలి. నేను చూసుకోలేదు. ఈ అమ్మాయి అడిగింది, అడిగినా వినలేదు," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. తన కాలనీ అంతా ముందురోజు సాయంత్రం దండ వేసి పంపిన మనిషి. ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నావైపు తిరిగింది. ఇలా అంది:

"అక్కా, పేషెంటుని ఎత్తినప్పుడు సెయ్యి జారితే ఎవుల్ది తప్పు అని ఆగుతామేటి? ముందు పట్టుకుంటాం. ముందు పట్టుకో. తప్పు సంగతి తరవాత సూద్దాం."

ఈ మాట ఎవరూ నాకు ట్రైనింగ్‌లో చెప్పలేదు.

పట్టుకోవడం మొదలెట్టాం. బయటికి వెళ్ళే అవసరమే లేకుండా చెయ్యాలి. అంటే షార్జాలోనే దిగి షార్జాలోనే ఎక్కాలి. రెండు విమానాలూ ఒకే కంపెనీవి, ఒకే టికెట్ మీద ఉంటే సామాను కూడా వాళ్ళే మారుస్తారు, మనిషి లోపలే ఉండిపోవచ్చు. ఆ కంపెనీకి ముంబయి నుంచి షార్జాకి రాత్రి విమానం ఉంది. మా అమ్మాయి వెతికితే సీట్లు కనిపించాయి. కానీ విడిగా కొంటే మళ్ళీ రెండు టికెట్లవుతాయి, సామాను కోసం మళ్ళీ బయటికి రావలసిందే. ఇప్పటికే ఉన్న షార్జా టికెట్‌ని ముంబయి నుంచి మొదలయ్యేట్టు మార్చాలి. అది మా స్క్రీన్ మీద అయ్యే పని కాదు, విమానం కంపెనీవాళ్ళే చెయ్యాలి.

ఫోన్ చేస్తే పాట మొదలైంది. అయిదు నిమిషాలు, పది, ఇరవై. మధ్యలో ఒకసారి కట్టయింది. మళ్ళీ మొదటి నుంచి పాట. ఇలాంటి పాటలు వినీ వినీ ముసలిదాన్నయ్యాను గానీ ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. ఒంటిగంట దగ్గర పడుతోంది.

"ఇక్కడే కూర్చుంటే రాయ్‌పూర్ విమానమే తప్పిపోతుంది," అన్నాను. "మనం బయల్దేరాలి."

"టికెట్ లేకుండానే?" అన్నాడు ఓనరు.

"రాయ్‌పూర్ నుంచి ముంబయికి ఉంది కదా. మిగతాది దారిలో వస్తే వస్తుంది."

ఆయన గోడ గడియారం చూశాడు. తర్వాత డ్రాయరు లోంచి కారు తాళాలు తీశాడు. "నేను నడుపుతాను. మీరు ఫోన్లో ఉండండి," అన్నాడు. గంట క్రితం ఏమీ చెప్పకుండా పంపించేద్దామన్న మనిషి ఇతనే. మనుషుల గురించి తొందరపడి ఏదీ తేల్చకూడదని ఆ రోజు ఇంకో పాఠం.

వీసాల అమ్మాయి ఆఫీసులో ఉండిపోయింది, పాట వింటూ. మేం ముగ్గురం కారెక్కాం. ఆమె సామాను సంచీలో నడుముకి కట్టుకునే తోలు బెల్టు, బూట్లు, అటుకుల పొట్లం ఉన్నాయి. తన బరువు తరగతి తూకం దాటకుండా ఉండాలని రెండు రోజులుగా సరిగ్గా తినలేదట. కారప్పూస మాకు తెచ్చింది గానీ తను ఒక్కటి ముట్టలేదు.

ఊరు దాటే చోట, భిలాయి-3 దగ్గర లారీలు నిలిచిపోయాయి. కదలవు. ఓనరు స్టీరింగు మీద వేళ్ళతో కొడుతున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"మేడమ్, లైన్లోకి వచ్చారు!" మా అమ్మాయి గొంతు పరిగెడుతోంది. "మారుస్తామంటున్నారు. కానీ ప్రయాణం చేసే మనిషి స్వయంగా ఒప్పుకోవాలట. కలుపుతున్నాను, ఫోన్ ఆమెకివ్వండి."

ఫోన్ స్పీకర్ మీద పెట్టి ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను. అవతల ఒక ఆడగొంతు, చాలా శుభ్రమైన హిందీ. పేరు చెప్పమంది. చెప్పింది. పుట్టిన తేదీ అడిగింది. చెప్పింది. "మీ ప్రయాణం షార్జా బదులు ముంబయి నుంచి మొదలవుతుంది. మీకు సమ్మతమేనా?"

ఆమె నావైపు చూసింది. నేను తలూపాను.

"హా జీ, సమ్మతమే. జల్దీ కర్ దీజియే బెహెన్‌జీ, ఎల్లి వెయిట్ ఉఠానా హై," అంది, హిందీ సగం, తెలుగు సగం.

అవతలి గొంతుకి ఆశ్చర్యం. "బరువులా?" అన్నట్టు వినిపించింది. తర్వాత కీబోర్డు చప్పుడు. మళ్ళీ పాట. లారీలు కదిలాయి. ఓనరు గేరు మార్చాడు. నేను ఫోన్ స్క్రీన్ నుంచి కళ్ళు తియ్యలేదు. కుమ్హారీ దాటుతుండగా మా అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. టికెట్. ముంబయి, షార్జా, జార్జియా. ఒకే నంబరు. సామాను చివరిదాకా. కింద ఆ అమ్మాయి హిందీలో ఒక వాక్యం రాసింది: "మూడుసార్లు చూశాను మేడమ్, మీరు కూడా ఒకసారి చూడండి."

చూశాను. దిగే చోటు, ఎక్కే చోటు, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. అప్పుడు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటే కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు మామూలు బరువు కాదు.

"ఏడకక్కా," అంది. "బేగి ఆ అటుకుల పొట్లం ఇటియ్యి. ఒక గుప్పెడు తిననీ. కాళ్ళొణుకుతున్నాయి." అంతసేపూ ఆమె కూడా భయపడుతోందని అప్పుడు తెలిసింది.

విమానాశ్రయం గేటు దగ్గర ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఇచ్చాను. షార్జాలో దిగాక 'ట్రాన్స్‌ఫర్' అనే బాణం వెంట వెళ్ళాలి, 'అరైవల్స్' అనే బాణం వెంట వెళ్ళకూడదు. ఆ రెండు మాటలూ ఇంగ్లీషులో ఎలా ఉంటాయో పక్కన బొమ్మలా గీశాను. ఆమె కాగితం మడిచి జాకెట్ లోపల పెట్టుకుని, మాకు దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్న ఖుర్సీపార్ బజార్లో వంకాయలు ఏరుతుంటే ఫోన్లో ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, బయటికి ఎల్లనేదు. లోపటే ఉన్నాను. ఇక్కడ అందరూ బాణాలే సూసుకుని నడుస్తున్నారు. టీ బాగునేదు." మధ్యాహ్నం ఇంకోటి: "ఎక్కేసినాను." ఆ ఒక్క మాటని నాలుగుసార్లు విన్నాను. ఆ పూట భోజనం చేసి పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలేదు.

సోమవారం నేను అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళాను. వీసాల అమ్మాయి రాగానే లేచి నిలబడి, "నువ్వు అడిగిన రోజు నేను నీతో అలా మాట్లాడి ఉండకూడదు. క్షమించు," అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ ఆఫీసులో నేను ఎవరికీ చెప్పని మాట. ఆ అమ్మాయి కంగారుపడి, "అరే మేడమ్, కూర్చోండి," అంటూ నా కుర్చీ లాగింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నేను కట్టిన ప్రతి టికెట్ ఆమె చూశాకే ప్రింటయ్యేది. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగిన సలహా ఏదైనా ఉంటే అదే. మీ పని ఇంకొకరికి చూపించండి. మీకన్నా చిన్నవాళ్ళయితే మరీ మంచిది, వాళ్ళు ఇంకా నియమాలు చదువుతూ ఉంటారు.

పదకొండున్నరకి వీసాల డెస్కు కంప్యూటర్లో పోటీలు పెట్టాం. ఓనరు, మేమిద్దరం, టికెట్ కోసం వచ్చిన ఒక సర్దార్జీ కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బొమ్మ మధ్యమధ్య ఆగిపోతోంది. తెల్లగా, పొడుగ్గా ఉన్న ఆడవాళ్ళ మధ్య మా మనిషి పొట్టిగా, గట్టిగా, నడుముకి బెల్టు బిగించుకుని వచ్చింది. మొదటి రెండుసార్లు ఎత్తింది. మూడోసారి బరువు పెంచారు. వంగి బార్ పట్టుకుంది. బార్ నేల మీంచి లేవలేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇంకా లేవలేదు. అప్పుడు నెమ్మదిగా, మంచం మీంచి మనిషిని లేపినట్టు, మోకాళ్ళ దాకా, తొడల దాకా, నిటారుగా. మూడు తెల్ల దీపాలు వెలిగాయి, ఎత్తడం సరిగ్గా ఉందని.

నాలుగో స్థానం వచ్చింది. పతకం రాలేదు. సర్దార్జీ చప్పట్లు కొట్టాడు. ఓనరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. నేను మాత్రం స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను. నా కౌంటర్ దాటి వెళ్ళిన ఎన్ని వేల మందికి శుభప్రయాణం చెప్పానో లెక్కలేదు. వాళ్ళలో ఒక మనిషి వెళ్ళిన చోటికి చేరి, వెళ్ళిన పని చెయ్యడం కళ్ళారా చూడటం అదే మొదటిసారి.